మన్యానికి పెద్ద ఎవరు? – అల్లూరి సీతారామరాజు జీవితం చెప్పే పాఠం

మన్యంలో ఏ సంతకు వెళ్ళినా, ఏ కూడలిలో నిలబడినా అల్లూరి సీతారామరాజు బొమ్మ కనిపిస్తుంది. గడ్డం, కాషాయం, చేతిలో విల్లు. 1974లో సినిమా వచ్చాక ఆ బొమ్మ ప్రతి ఇంటికీ చేరింది. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఏర్పడిన జిల్లాకు ఆయన పేరే పెట్టారు. అదే ఏడాది జూలై 4న భీమవరంలో 30 అడుగుల విగ్రహం నిలబెట్టారు. దండలు వేసేవాళ్ళకు కొదవ లేదు. అయితే ఆ మనిషి మన్యంలో ఏం పనిచేసాడు, తుపాకి పట్టకముందు కొండ ఊళ్ళలో ఏం నిర్మించాలనుకున్నాడు అని అడిగితే చెప్పేవాళ్ళు తక్కువ.

వ్యవసాయ కూలీ సంఘం పనిమీద మేము అనంతగిరి, అరకు, డుంబ్రిగుడ, హుకుంపేట వైపు తిరుగుతున్నప్పుడు కూలీలు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటుంది. సర్పంచ్ ఉన్నాడు, మండలాధ్యక్షుడు ఉన్నాడు, జిల్లా పరిషత్ అధ్యక్షుడు ఉన్నాడు, అయినా మా పని కావాలంటే ఆఫీసరు గుమ్మం ముందే ఎందుకు నిలబడాలి? మన్యానికి అసలు పెద్ద ఎవరు? ఈ ప్రశ్న కొత్తది కాదు. నూరేళ్ళ కిందట సీతారామరాజు జీవితమంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. కాబట్టి ఈసారి ఆయన కథను ఆ వైపు నుంచి చెప్పుకుందాం.

ఏజెంటు దొర పాలన

ముందు ఆనాటి మన్యం ఎవరి చేతిలో ఉండేదో తెలుసుకోవాలి. 1839లో కుంఫిణీ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. గంజాం, విశాఖపట్నం జిల్లాల్లోని కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల నుంచి, మామూలు చట్టాల నుంచి విడదీసి కలెక్టరు చేతిలో పెట్టింది. కలెక్టరే గవర్నరుకు ఏజెంటు. అందుకే ఆ ప్రాంతానికి ఏజెన్సీ అని పేరు వచ్చింది. ఆ మాట ఇప్పటికీ మన నోట నలుగుతూనే ఉంది. పన్ను వసూలు చేసేవాడు ఆయనే, పోలీసును నడిపేవాడు ఆయనే, తీర్పు చెప్పేవాడూ ఆయనే. కొండవాడికి ఆయన మీద చెప్పుకునే చోటు లేదు.

ఏజెంటు దొర విశాఖపట్నంలో ఉంటాడు. కొండల్లో ఆయన పని నడిపించింది ముఠాదార్లు. కొన్ని ఊళ్ళు కలిస్తే ఒక ముఠా. దానికి ఒక ముఠాదారు. తండ్రి తర్వాత కొడుకు. ఇతన్ని జనం ఎన్నుకోలేదు. సర్కారుకు కట్టవలసిన పైకం వసూలు చేసి కట్టడం, ఆఫీసర్లు వస్తే కూలీలను, సామాను మోసేవాళ్ళను అప్పగించడం ఇతని పని. సర్కారుకు కోపం వస్తే ఇతని ముఠా ఊడేది. అంటే కొండవాడి నెత్తిన ముఠాదారు, ముఠాదారు నెత్తిన తాశీల్దారు, తాశీల్దారు నెత్తిన ఏజెంటు. ఈ నిచ్చెన పైనుంచి కిందికి దిగేదే గాని కిందినుంచి పైకి ఎక్కేది కాదు.

ఆ రోజుల్లో మైదానంలో పరిస్థితి కొంచెం వేరు. 1884 చట్టంతో జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు వచ్చాయి. తొలిరోజుల్లో వాటికీ కలెక్టరే పెద్ద. 1920 చట్టం తర్వాత ఎన్నికైన వాళ్ళకు చోటు పెరిగింది. అయితే ఓటు ఆస్తి ఉన్నవాడికే, పన్ను కట్టేవాడికే. జమీందార్లు, పెద్ద రైతులు, వకీళ్ళు ఆ బోర్డుల్లో కూర్చున్నారు. కూలివాడికి అందులో వాటా లేదు. మన్యానికి ఆ పాటి బోర్డు పాలన కూడా అందలేదు. అక్కడ ఏజెంటు పాలనే నడిచింది.

దీనికి తోడు 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. తాతముత్తాతల నుంచి పోడు కొట్టుకుని చోడి, సామ పండించుకునే కొండవాడు ఒక్క చట్టంతో తన అడవిలో తానే దొంగ అయ్యాడు. కట్టె తెచ్చుకుంటే నేరం, పశువు మేస్తే జరిమానా. తెల్లదొరకు మాత్రం కలప కావాలి, రైలు పట్టాల కింద వేసే దిమ్మలు కావాలి. ఇంకో పక్క షావుకారు ఉప్పు, బట్ట అప్పిచ్చి చింతపండు, పసుపు తన్నుకుపోయేవాడు.

కొండజనం ఊరుకున్నారా? ఊరుకోలేదు. 1879లో రంపలో పితూరీ లేచింది. జీలుగు కల్లు మీద వేసిన పన్ను, మున్సబుదారు దోపిడీ అందుకు కారణాలు. అణచడానికి సర్కారుకు ఏడాది దాటి పట్టింది. 1886లో గూడెంలో లేచింది. 1900లో విశాఖ మన్యంలో కొర్రా మల్లయ్య వెంట జనం కదిలారు. ప్రతిసారీ తుపాకులు వచ్చాయి, ఊళ్ళు తగలబడ్డాయి, మనుషులు జైళ్ళకు పోయారు. సీతారామరాజు వచ్చేనాటికి ఈ నేల అప్పటికే రగిలి ఉంది. ఈ సంగతి మరిచిపోయి ఒక వీరుడు వచ్చి అమాయకులను మేలుకొలిపాడని కథ చెప్పేవాళ్ళు కొండజనానికి అన్యాయం చేస్తున్నారు.

చదువు సాగని కుర్రవాడు

సీతారామరాజు 1897 జూలై 4న భీమునిపట్నం దగ్గర పాండ్రంగిలో, తల్లి సూర్యనారాయణమ్మ పుట్టింట పుట్టాడు. తండ్రి వెంకటరామరాజుది భీమవరం దగ్గర మోగల్లు. రాజమండ్రిలో ఫోటోలు తీసి బతికేవాడు. కొడుక్కి పెట్టిన పేరు శ్రీరామరాజు. సీతారామరాజు అన్న పేరు తర్వాత వచ్చింది. కుర్రవాడు ఎదగకుండానే తండ్రి పోయాడు. తల్లి పిల్లలను పట్టుకుని చుట్టాల నీడన బతకవలసి వచ్చింది. పినతండ్రి రామకృష్ణంరాజు తాశీల్దారు ఉద్యోగి. ఆయన ఆసరాతో నరసాపురంలో, ఆ తర్వాత వేరే ఊళ్ళలో చదువు సాగింది, ఆగింది. కాకినాడలో చదువుతున్నప్పుడు మద్దూరి అన్నపూర్ణయ్యతో స్నేహం కలిసింది. ఆ అన్నపూర్ణయ్య తర్వాత పేరుమోసిన దేశభక్తుడయ్యాడు.

పరీక్షలు గట్టెక్కలేదు. కుర్రవాడికి బడి మీద కంటే గుర్రపు స్వారీ మీద, జాతకాల మీద, మూలికల మీద, యోగం మీద మనసు. ఇల్లు వదిలి తీర్థాలు తిరిగాడు. 1917 ప్రాంతంలో కృష్ణదేవిపేట చేరాడు. అది మైదానం అయిపోయి కొండ మొదలయ్యే చోటు. కొండవాళ్ళు సంతకు దిగేది, షావుకారు కొండెక్కేది అక్కడినుంచే.

అతను క్షత్రియ కుటుంబంలో పుట్టాడు. భూములున్న కులం. కావాలంటే చుట్టాల సాయంతో ఏ కరణీకమో, గుమాస్తాగిరో చూసుకుని బతికేవాడు. కొండల్లో ఉండిపోయాడు. మొదట్లో జనం అతన్ని సన్యాసిగానే చూసారు. జ్వరానికి మందిచ్చేవాడు. నాలుగు అక్షరాలు తెలిసినవాడు కాబట్టి కాగితం చదివి పెట్టేవాడు. కాగితం చదివి పెట్టడం చిన్న పని అనుకోకూడదు. మేమూ సంఘంలోకి వచ్చింది ఆ దారినే. ఏడో తరగతితో బడి మానేసిన మేము కూలీల మస్టర్లు చదివి పెట్టడంతో మొదలుపెట్టాం. కాగితంలో రాసింది ఒకటి, చేతికి ఇచ్చింది ఒకటి అని ఒకసారి తెలిసాక కూలివాడు మునుపటిలా ఉండడు.

తుపాకి కంటే ముందు పంచాయితీ

1921 నాటికి దేశమంతా సహాయ నిరాకరణ ఊపు. మన జిల్లాల్లో ఏం జరిగిందో చూడండి. చీరాల, పేరాల జనం తమకు అక్కరలేని మునిసిపాలిటీని, దాని పన్నును నెత్తిన రుద్దితే దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఊళ్ళు ఖాళీ చేసి బయట రామనగరం కట్టుకున్నారు. పల్నాటిలో రైతులు అడవి పుల్లరి కట్టమన్నారు. అక్కడ కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో తుపాకి గుండ్లకు బలయ్యాడు. పెదనందిపాడు రైతులు శిస్తు నిలిపేసారు. ఈ మూడు చోట్లా జనం అడిగింది ఒక్కటే. మా ఊరిమీద, మా అడవి మీద పెత్తనం చేసే హక్కు నీకు ఎవరిచ్చారని.

ఆ గాలి కృష్ణదేవిపేటకూ తగిలింది. సీతారామరాజు కొండ ఊళ్ళు తిరిగి రెండు మాటలు చెప్పాడు. తాగుడు మానండి. తగవు వస్తే సర్కారు కోర్టుకు పోకండి, మీ పంచాయితీలో మీరే తీర్చుకోండి. ఇందులో తుపాకి లేదు, బాంబు లేదు. అయినా సర్కారుకు గుండె ఝల్లుమంది. ఎందుకు? కొండవాడు కోర్టుకు వెళితే జరిమానా, స్టాంపు, దారి ఖర్చు, బంట్రోతు చేతి ఖర్చు. ఇవి కట్టడానికి షావుకారు దగ్గర అప్పు. అప్పు తీరక భూమి పోవడం, వెట్టి చెయ్యడం. తగవు ఊళ్ళోనే తీరితే ఈ గొలుసు మొదట్లోనే తెగుతుంది. తాశీల్దారు గుమ్మం ముందు జనం ఉండరు. జనం రాని గుమ్మానికి విలువేముంది?

ఆ పంచాయితీలు బ్యాలెట్ పెట్టెతో ఏర్పడినవి కావు. ఊరి పెద్దలు, చెట్టు కింద జనం ముందు కూర్చుని తీర్పు చెప్పే పాత పద్ధతే. అందులో లోపాలున్నాయి. ఆడవాళ్ళ మాట చెల్లేది కాదు. అయినా తీర్పు చెప్పినవాడు మర్నాడు అదే వాగులో నీళ్ళు తాగాలి, అదే సంతలో జనం మొహం చూడాలి. ఏజెంటు దొరకు ఆ భయం లేదు. ప్రజలకు జవాబు చెప్పవలసిన పెద్ద అంటే మొదటి అర్థం ఇదే.

1922 మొదట్లో సర్కారు అతని మీద విచారణ పెట్టింది. నర్సీపట్నంలో కాపలాలో ఉంచింది. పోలవరం డిప్యూటీ కలెక్టరు ఫజులుల్లా ఖాన్ కొంచెం మంచివాడు. పైడిపుట్టలో భూమి ఇప్పించి, వ్యవసాయం చేసుకు బతకమని సర్దుబాటు చేసాడు. రాజు కొన్నాళ్ళు అక్కడ ఉన్నాడు. అప్పటికే చౌరీచౌరా తర్వాత సహాయ నిరాకరణ ఆగిపోయింది. మైదానంలో ఉద్యమం చల్లబడింది. కొండల్లో మాత్రం కష్టం చల్లబడలేదు.

రోడ్డు కూలి

గూడెంలో బాస్టియన్ అనే డిప్యూటీ తాశీల్దారు ఉండేవాడు. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి రోడ్డు వేయించే పని అతని చేతిలో పడింది. కొండవాళ్ళను బలవంతాన పనికి తోలాడు. కూలి సరిగా ఇవ్వలేదు. అడిగినవాళ్ళను కొట్టించాడు. ఇది ఈనాడు కూలి సంఘం వాళ్ళు విన్నా వెంటనే అర్థమయ్యే కథ. పని కొలత ఒకటి, డబ్బు కొలత ఒకటి. మధ్యలో తిన్నవాడు తాశీల్దారు. మన్యం పితూరీకి మూలం ఏదో మాయమంత్రం అనుకునేవాళ్ళు ఈ రోడ్డు మస్టరు చూడాలి. కూలి ఎగ్గొట్టడం దగ్గర రగిలిన నిప్పు అది.

బట్టిపనుకులకు చెందిన గాం గంటందొర, గాం మల్లుదొర అనే అన్నదమ్ములు బాస్టియన్ చేతిలో నష్టపోయినవాళ్ళు. కంకిపాటి ఎండు పడాలు, గోకిరి ఎర్రేసు మరికొందరు కలిసారు. మైదానం నుంచి వచ్చిన అగ్గిరాజు తోడయ్యాడు. వీళ్ళకు నాయకుడు కావలసి వచ్చింది. సీతారామరాజు తిరిగి కొండెక్కాడు.

1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు. 26 తుపాకులు, 2,500 పైచిలుకు తూటాలు చేతికి వచ్చాయి. రాజవొమ్మంగిలో నిర్బంధంలో ఉన్న వీరయ్యదొరను విడిపించారు. తీసుకున్న ఆయుధాల లెక్క స్టేషన్ పుస్తకంలో రాసి రాజు సంతకం పెట్టాడు. దొంగలు సంతకం పెట్టి పోరు. ఈ స్టేషన్ ఇక మీది కాదు అని చెప్పే పద్ధతి అది. ముందుగా కబురు పెట్టి మరీ దాడికి వచ్చేవాడని మన్యం జనం ఇప్పటికీ చెప్పుకుంటారు.

సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికార్లు హతమయ్యారు. ముందు నడిచిన దేశీయ పోలీసులను పోనిచ్చి, వెనక వచ్చిన తెల్లవాళ్ళను ఏరి కొట్టారు. జీతం కోసం వచ్చిన బీదవాడు వేరు, జీతమిచ్చి చంపించే దొర వేరు అన్న ఎరుక అందులో ఉంది. అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరం మీదికి వెళ్ళారు. ఆ స్టేషన్లలో ఆయుధాలు ముందే తరలించేసారు. జనం మాత్రం దారి పొడుగునా వచ్చి చూసారు.

డిసెంబరు 6న పెదగడ్డిపాలెం దగ్గర సర్కారు బలగాలతో ఎదురుపడిన దెబ్బకు దళం మనుషులను, తుపాకులను పోగొట్టుకుంది. అక్కడినుంచి నిలబడి పోరాడటం తగ్గి, తప్పించుకుని తిరగడం ఎక్కువైంది. 1923 ఏప్రిల్‌లో రాజు అన్నవరం వచ్చాడు. జనం ఆదరించారు. అంతకుమించి మైదానం కదల్లేదు. ఆ సెప్టెంబరులో మల్లుదొర పట్టుబడ్డాడు. రాజు తలకు సర్కారు 10,000 రూపాయలు వెల కట్టింది.

మైదానం ఎందుకు కదల్లేదు? ఇది మనం దాచుకోకుండా చెప్పుకోవలసిన మాట. కాంగ్రెసు నాయకులు అహింస పేరు చెప్పి దూరం జరిగారు. జమీందార్లు, షావుకార్లు సర్కారు పక్షాన ఉన్నారు. మైదానం కూలీకి, కౌలు రైతుకు అప్పటికి గట్టి సంఘం లేదు. కొండవాడి కష్టం తన కష్టమే అని చెప్పి కలిపే శక్తి ఏదీ లేదు. కొండ ఒంటరిగా పోరాడి ఒంటరిగా చచ్చింది.

కొండల లోపల కూడా సమస్య ఉంది. ముఠాదార్లలో కొందరు రాజుతో ఉన్నారు, కొందరు సర్కారుతో ఉన్నారు. ఉన్నవాళ్ళలోనూ కొందరికి కావలసింది పోయిన తమ ముఠా. పోడు రైతుకు కావలసింది అడవి, కూలి, వెట్టి లేని బతుకు. ఈ రెండూ ఒకటి కావు. దళం తిరిగినన్నాళ్ళు ఈ తేడా కప్పడిపోయింది. తర్వాత బయటపడింది.

కొయ్యూరు చెట్టు

మలబారు పోలీసులను దింపారు. 1924లో అస్సాం రైఫిల్సు వచ్చింది. రూథర్‌ఫర్డ్‌ను ప్రత్యేక కమీషనరుగా వేసారు. తిండి గింజలు కొండెక్కకుండా కట్టడి చేసారు. ఊళ్ళమీద పడి కొట్టారు. బియ్యం ఎవరిచ్చారు, దారి ఎవరు చూపారు అని ఆడవాళ్ళను, ముసలివాళ్ళను పీడించారు. తన కారణంగా ఊళ్ళు పడుతున్న బాధ రాజును కుంగదీసింది.

1924 మే 7న మంప గ్రామం దగ్గర రాజు పట్టుబడ్డాడు. కొయ్యూరు తీసుకుపోయారు. గుడాల్ అనే సైనికాధికారి చెట్టుకు కట్టించి కాల్పించాడు. కోర్టు లేదు, విచారణ లేదు, సాక్షి లేడు. అప్పటికి అతనికి 27 ఏళ్ళు నిండలేదు. కృష్ణదేవిపేటలో అంత్యక్రియలు జరిగాయి. నెల తిరగగానే గంటందొరను కూడా కాల్చేసారు. కోర్టులు కొండవాడికి న్యాయం చెయ్యవని చెప్పినవాణ్ణి కోర్టు మొహం చూడనివ్వకుండానే చంపి, ఆ మాట నిజమని సర్కారే రుజువు చేసింది.

మల్లుదొరకు ఉరిశిక్ష వేసి, తర్వాత ద్వీపాంతరంగా మార్చి అండమాన్ పంపారు. ఆయన బతికి తిరిగి వచ్చాడు. 1952లో దేశంలో మొదటి సాధారణ ఎన్నికలు జరిగినప్పుడు విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ముప్ఫై ఏళ్ళ కిందట ఏ సర్కారు ఏ చేతులకు సంకెళ్ళు వేసిందో ఆ చేతులకు జనం అధికారం ఇచ్చారు. ఈ ఒక్క సంగతి చాలు, 1922 నాటి పోరాటం వృథా పోలేదనడానికి.

ఆ తర్వాత ఏం మారింది

స్వతంత్రం వచ్చింది. 1959లో రాష్ట్రంలో పంచాయితీ సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చాయి. దేశంలో రాజస్థాన్ తర్వాత మనమే. జిల్లాకు ఎన్నికైన అధ్యక్షుడు వచ్చాడు. అయితే స్థాయీ సంఘాలకు పెద్దగా కలెక్టరునే కూర్చోబెట్టారు. ముఠాదారీ పోవడానికి ఇంకా పదేళ్ళు పట్టింది. 1969లో ముఠాల రద్దు నిబంధన వచ్చింది. 1970లో ఒకటి బై డెబ్భై నిబంధనతో మన్యంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా అడ్డుకట్ట వేసారు. ఇవి ఎవరో దయతలచి ఇచ్చినవి కావు. అప్పటికి శ్రీకాకుళం కొండలు మండుతున్నాయి.

1986 చట్టంతో మండలాలు వచ్చాయి. 1987లో జిల్లా పరిషత్ అధ్యక్షుణ్ణి ఓటర్లే నేరుగా ఎన్నుకున్నారు. 1994 చట్టం దాన్ని మళ్ళీ మార్చింది. మండలానికి ఒక సభ్యుడు గెలిచి, ఆ సభ్యులందరూ కలిసి అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు. వ్యవసాయం, విద్య, వైద్యం, పనులు వగైరా చూసేందుకు ఏడు స్థాయీ సంఘాలున్నాయి. 2021లో విశాఖ జిల్లా పరిషత్ అధ్యక్ష స్థానానికి ముంచింగిపుట్టు నుంచి గెలిచిన గిరిజన మహిళ ఎన్నికయింది. ఏజెంటు దొర కూర్చున్న పట్నంలో కొండ ఊరి ఆడది జిల్లాకు పెద్దగా కూర్చుంది. ఇది చిన్న విషయం కాదు.

అయితే అధ్యక్ష స్థానం వేరు, అధికారం వేరు. మన్యంలో అభివృద్ధి డబ్బు ఎక్కువ భాగం 1970ల్లో వచ్చిన సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ గుండా నడుస్తూ వచ్చింది. దాన్ని నడిపే ప్రాజెక్టు ఆఫీసరును జనం ఎన్నుకోలేదు. ఆ ఆఫీసర్లలో మంచివాళ్ళు వచ్చారు, ఫజులుల్లా ఖాన్‌ల వంటివాళ్ళు వచ్చారు. మంచివాడు బదిలీ అయిపోతే ఏమిటి గతి? జవాబు చెప్పవలసిన పెద్దకు డబ్బు లేదు, డబ్బున్న పెద్దకు జవాబు చెప్పే పని లేదు. కూలీలు మమ్మల్ని అడిగిన ప్రశ్నకు మూలం ఇక్కడుంది.

1996లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. పెసా అని పిలుస్తారు. 1998లో మన రాష్ట్ర చట్టం, 2011లో నియమాలు వచ్చాయి. ఆ చట్టం ఏం చెబుతుందో చూడండి. భూమి తీసుకోవాలంటే ముందు సంప్రదించాలి. చిన్నతరహా అటవీ ఫలసాయం ఊరిది. సారా ఉండాలో వద్దో చెప్పే అధికారం, వడ్డీ వ్యాపారిని అదుపు చేసే అధికారం, సంతను చూసుకునే అధికారం ఊరివి. తమ తగవులు తమ ఆచారం ప్రకారం తీర్చుకునే హక్కును గ్రామసభ కాపాడుకోవచ్చు. తాగుడు మానండి, తగవు మీరే తీర్చుకోండి, అడవి మీది అని 1921లో ఊరూరా తిరిగి చెప్పినవాణ్ణి రాజద్రోహి అన్నారు. 75 ఏళ్ళ తర్వాత ఆ మాటలే చట్టమయ్యాయి.

చట్టమైతే అయింది, అమలు సంగతి చెబుతాం. కొన్నేళ్ళ కిందట ఒక కొండ ఊరిలో చింతచెట్టు కింద గ్రామసభ జరిగితే మేము వెళ్ళాం. రిజిస్టరు వచ్చింది, అందులో ఏముందో ఎవరికీ చెప్పకుండా వేలిముద్రలు వేయించడం మొదలైంది. ఇరవై ముప్ఫైమంది వేసేసారు. ఒక ముసలమ్మ వంతు వచ్చింది. చెయ్యి చాచలేదు. అందులో ఏం రాసారో చదివితేనే వేస్తానంది. పొద్దుపోతోందని విసుక్కున్నారు. ఆమె కదల్లేదు. వెనకున్న ఆడకూలీలు ఆమె పక్కకు వచ్చి నిలబడ్డారు. చివరికి చదవక తప్పలేదు. చదివితే తెలిసింది, ఆ ఊరివాళ్ళు ఎన్నడూ కోరని పనికి ఒప్పుకున్నట్టు రాసి ఉంది. ఆ రోజు తీర్మానం ఆగిపోయింది.

ఆ ముసలమ్మకు సీతారామరాజు జయంతి ఏనాడో తెలియదు. మా మటుకు మాకు ఆనాటి పంచాయితీ ఆమెలోనే కనబడింది.

మనం చెయ్యవలసింది

రాజు పోగానే ఆ పంచాయితీలు ఎందుకు నిలవలేదు? నాయకుడు ఉన్నాడు, ధైర్యం ఉంది, త్యాగం ఉంది. ఊరూరా నిలిచే సంఘం లేదు. నాయకుడు పోతే పని నడిపే రెండో మనిషి, మూడో మనిషి తయారుకాలేదు. ఇందులో అతన్ని తప్పుపట్టడానికి లేదు. రెండేళ్ళు తుపాకుల మధ్య తిరిగిన మనిషికి ఆ వ్యవధి ఏది? ఆ పని మనకు మిగిలింది.

సంఘం లేని ఊళ్ళో ఎన్నికైన పెద్ద కొన్నాళ్ళకు ముఠాదారు అవుతాడు. పైవాడి మాట కిందికి మోస్తాడు, కిందివాడి పైకం పైకి మోస్తాడు. సంఘం ఉన్న ఊళ్ళో అదే మనిషి జనం మాట పైకి మోస్తాడు. మనిషి మంచితనం మీద దీన్ని వదిలేయకూడదు.

కాబట్టి కార్యకర్తలకు మా మనవి ఇది. గ్రామసభ రోజు పనికి పోవడం మాని అందరూ హాజరు కావాలి, ముఖ్యంగా ఆడకూలీలు. రిజిస్టరు పైకి చదివాకే వేలిముద్ర వెయ్యాలి. జిల్లా పరిషత్ సమావేశానికి వెళ్ళే మీ సభ్యుణ్ణి వెళ్ళేముందు ఊళ్ళోకి పిలవాలి. డోలీ మోస్తున్న దారి, టీచరు లేని బడి, రాని ఉపాధి కూలి రాసి చేతికి ఇవ్వాలి. తిరిగి వచ్చాక మళ్ళీ పిలిచి, ఏది అడిగావు, ఎవరేమన్నారు అని లెక్క అడగాలి. ఓటు అడగడానికి వచ్చినప్పుడు ఆ లెక్క ముందు పెట్టాలి.

మైదానంలో ఉన్న కూలీలకు ఇంకో మాట. 1922లో కొండ ఒంటరి అయింది. అనకాపల్లి చెరుకు తోటల్లో నరికే చేతుల్లో, ఇటుక బట్టీల్లో మోసే తలల్లో ఈనాడు కొండవాళ్ళు ఉన్నారు. మీ పక్కనే పనిచేస్తున్నారు. వాళ్ళ కూలి తగ్గితే మీ కూలి తగ్గుతుంది. ఈసారి కొండను ఒంటరిగా వదలకండి.

విగ్రహానికి దండ వెయ్యండి, తప్పులేదు. దండ వేసి అక్కడినుంచి నేరుగా గ్రామసభకు నడవండి.